విశాఖలో పోర్ట్రెయిట్ల ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నారా? ముఖాలు చూసే పద్ధతి

పోర్ట్రెయిట్ల ఎగ్జిబిషన్‌లో ఎక్కువమంది గోడ వెంట నడుస్తూ ఒక్కో బొమ్మ ముందు పది సెకన్లు ఆగుతారు. "అచ్చం మనిషే" అనో "పోలిక కుదర్లేదు" అనో అనుకుని పక్కదానికి వెళ్లిపోతారు. కానీ ఆ బొమ్మలోని మనిషిని మనం ఎన్నడూ చూడలేదు. చూడని మనిషికి పోలిక కుదిరిందో లేదో చెప్పడానికి మన దగ్గర ఆధారమే ఉండదు. మనం తెలుసుకోగలిగినవి వేరే ఉన్నాయి: ఆ మనిషి ఎక్కడ కూర్చున్నాడు, వెలుతురు ఎటునుంచి పడింది, వేసినవారు ఎంత దూరంలో ఉన్నారు, ఎదురుగా ఉన్నది మనిషా, ఫొటోనా, అద్దమా. ఇవన్నీ బొమ్మ మీదే కనిపిస్తాయి. ఎక్కడ చూడాలో తెలిస్తే గంటన్నరలో ఏడెనిమిది బొమ్మలు బాగా చూసి రావచ్చు. యాభై బొమ్మలూ అలా చూడటం ఎవరివల్లా కాదు, కళ్లు ముందే అలిసిపోతాయి.

ముందురోజు ఇంట్లో ఒక కొలత

బాత్రూం అద్దం ముందు మూరెడు దూరంలో నిలబడండి. ఒక కన్ను మూసుకుని, తల కదపకుండా, అరిగిపోయిన సబ్బుముక్కతో అద్దం మీద మీ ముఖం అంచులు గీయండి. నడినెత్తి, గడ్డం, రెండు చెంపలు చాలు. ఇప్పుడు స్కేలుతో కొలవండి. నడినెత్తి నుంచి గడ్డం దాకా మీ తల 9 అంగుళాలుంటే అద్దం మీది గీత నాలుగున్నరే ఉంటుంది. మూడడుగులు వెనక్కి జరిగి మళ్లీ ఒంటికన్నుతో చూడండి. ముఖం ఆ గీతలోనే సరిగ్గా ఇముడుతుంది. మనం అద్దానికి ఎంత ముందుంటే ప్రతిబింబం అంత వెనక ఉన్నట్టు కనబడుతుంది. అద్దం ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి దాని మీద పడే ముఖం ఎప్పుడూ సగం కొలతే.

దీన్నిబట్టి, అద్దానికి మూడడుగుల దూరంలో కూర్చుని తనను తాను వేసుకునే మనిషి నిజానికి ఆరడుగుల అవతలున్న ముఖాన్ని వేస్తున్నట్టు. కంటికింది సన్నగీతలు ఆ దూరానికి ఆనవు. అందుకని మాటిమాటికీ ముందుకు వంగుతారు, వంగినప్పుడల్లా ముఖం కోణం కాస్త మారుతుంది. సెల్ఫ్ పోర్ట్రెయిట్లలో రెండు కళ్లూ ఒక వరసలో లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

గీత చెరిపేసేముందు ఇంకోటి కొలవండి. కళ్లు తలలో సరిగ్గా సగం ఎత్తున ఉంటాయి. చెవి పైకొస కనుబొమ దగ్గర మొదలై, తమ్మె ముక్కు అడుగు దాకా వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కళ్లను ఇంకా పైకి పెట్టి నుదురు చిన్నది చేస్తారు. ఈ కొలత ఒకసారి చేత్తో చేసి చూసుకుంటే, హాల్లో ఏ ముఖం ఎందుకు తేడాగా ఉందో ఇట్టే పోల్చుకోవచ్చు.

ఏ వేళకి, ఏం పట్టుకుని

విశాఖలో చిత్రప్రదర్శనలకు ఒకటే చోటని లేదు. బీచ్ రోడ్డులో ఒడిశాలోని జయపురం మహారాజులు కట్టించిన హవామహల్‌లో పెడతారు, ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో పెడతారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విద్యార్థులు తమ పనిని క్యాంపస్‌లోనే చూపిస్తారు. హాలుని బట్టి వేళ ఎంచుకోవాలి. మన సముద్రం తూర్పున ఉంది కనుక, బీచ్ వైపు కిటికీలున్న హాల్లో పొద్దుటి ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. ఎదురుగోడ మీద గాజు బిగించిన బొమ్మలుంటే మీ ముఖమే మీకు కనిపిస్తుంది. అలాంటి చోటికి మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. ఐదున్నర తర్వాత బీచ్ రోడ్డు జనంతో నిండుతుంది, ఆదివారమైతే బండి పెట్టే చోటు వెతకడానికే అరగంట పోతుంది. కిటికీలు లేని, లైట్ల మీదే ఆధారపడే హాలైతే పని రోజున ఉదయం, తెరిచిన గంటలో వెళ్లడం మేలు. ప్రారంభోత్సవం సాయంత్రం శాలువాలకీ ఉపన్యాసాలకీ సరిపోతుంది. ఆరోజు పలకరించి రండి, చూడటానికి మర్నాడు వెళ్లండి.

జేబులో నాలుగు వస్తువులు ఉండాలి: పెన్సిలు, చిన్న నోటుపుస్తకం, చేతి అద్దం, నల్ల చార్టుముక్క. బొమ్మల దగ్గర పెన్ను తీయకండి. చెయ్యి విసిరినప్పుడు సిరా చుక్క పడితే కాన్వాసు మీద అది ఇక పోదు. నల్ల చార్టుని ఐడీ కార్డంత కత్తిరించి, మధ్యలో సెంటీమీటరు వెడల్పున చిల్లు చేయండి. అద్దం, చార్టు ఎందుకో కింద చెప్తున్నాం. దగ్గరి చూపు అద్దాలు వాడేవాళ్లు అవి మర్చిపోవద్దు. లేబుళ్ల అక్షరాలు చిన్నవిగా ఉంటాయి.

బీచ్‌లో నడిచి వస్తే చెప్పుల ఇసుక బయటే దులపండి, చెమట ఆరేదాకా ఐదు నిమిషాలు ఆగండి. వీపు బ్యాగు ఉంటే తీసి ముందుకు తగిలించుకోండి. వెనక ఏం తగులుతోందో మనకి కనబడదు, ఇరుకు హాళ్లలో బొమ్మలకి దెబ్బ తగిలేది ఎక్కువగా అలాగే. తడిసిన గొడుగు గుమ్మం దగ్గరే వదిలేయండి.

మొదటి చుట్టు

హాలు మధ్యలోంచి, లేబుళ్లు చదవకుండా, పావుగంటలో మొత్తం ఒకసారి తిరగండి. దూరం నుంచే మిమ్మల్ని ఆపిన బొమ్మలేవో నోటుపుస్తకంలో గుర్తు పెట్టుకోండి. ఏడెనిమిది చాలు. వాటిలో ఒకటి మాత్రం మీకు నచ్చనిదై ఉండాలి. నచ్చని బొమ్మ ముందు ఎందుకు నచ్చలేదో వెతికితే మీ కన్ను దేనికి అలవాటు పడిందో బయటపడుతుంది.

రెండో చుట్టులో ఒక్కోదాని దగ్గర పదేసి నిమిషాలు. ముందు ఆరేడు అడుగుల దూరంలో నిలబడండి. మామూలు తల, భుజాల బొమ్మకి, అంటే 24 అంగుళాల ఎత్తు, 18 వెడల్పు ఉండే కాన్వాసుకి, అది సరైన దూరం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేసేవారు మధ్యమధ్య వెనక్కి వచ్చి చూసుకునేదీ దాదాపు అంత దూరం నుంచే. తర్వాత రెండడుగుల దూరానికి రండి, మళ్లీ వెనక్కి వెళ్లండి. దగ్గర్లో విడివిడి మరకల్లా ఉన్నవి ఏ అడుగు దగ్గర బుగ్గగా మారాయో గమనించండి. వెనక్కి నడిచేముందు ఒకసారి తల తిప్పి చూసుకోండి, మీ వెనకా ఎవరో ఇదే పని చేస్తుంటారు. వార్నిష్ వేసిన ఆయిల్ బొమ్మ మెరిసి ఏమీ కనబడకపోతే అరడుగు పక్కకి జరగండి. అదీ చాలకపోతే మోకాళ్లు కొంచెం వంచండి, మెరుపు కిందికి జరుగుతుంది.

లేబులు ఆఖర్న చదవాలి. కొలతల్లో ముందుది ఎత్తు, తర్వాతది వెడల్పు. పక్కన ఎర్రచుక్క అంటించి ఉంటే అమ్ముడైపోయిందని అర్థం. మాధ్యమం, అంటే ఏ రంగులతో వేశారన్నది, తప్పకుండా చూడండి. నీటిరంగుల్లో ముఖంలోని తెలుపు సాధారణంగా కాగితం తెలుపే, దాన్ని మొదట్నుంచీ కాపాడుకుంటూ రావాలి. ఆయిల్‌లో తెలుపు చివర్న పైన వేసేది. ఒకే ముక్కు మెరుపు, పని మాత్రం పూర్తిగా తలకిందులు.

ముఖంలో ఏం చూడాలి

కంటిపాపలోని తెల్లచుక్కతో మొదలుపెట్టండి. వెలుతురు ఎక్కణ్నుంచి వచ్చిందో అది చెప్పేస్తుంది. గడియారంలో పది అంకె ఉండే చోట చుక్క ఉంటే, మనకి ఎడమవైపు పైన కిటికీ ఉందన్నమాట. అలాంటప్పుడు ముక్కునీడ కుడికి, కిందకి పడాలి. గడ్డం కింద నీడ కూడా అటే మొగ్గాలి. చుక్క ఒకవైపు, నీడ మరోవైపు ఉంటే ముఖం ఒకచోటి నుంచీ కళ్లు మరోచోటి నుంచీ తెచ్చారని అనుమానించవచ్చు. చుక్క సన్నగా పొడుగ్గా ఉంటే ట్యూబులైటు. గుండ్రటి చక్రంలా ఉంటే రింగ్‌లైట్ పెట్టి తీసిన ఫొటో చూసి వేసినట్టే.

ఫొటో చూసి వేశారా, మనిషిని చూసి వేశారా అన్నది ఇంకొన్ని చోట్ల తెలుస్తుంది. ఫోన్ దగ్గరగా పెట్టి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. బొమ్మలో అదే కనిపిస్తే మూలం ఫోనే. నీడలన్నీ ఒకే నల్లటి ముద్దగా ఉండటం రెండో గుర్తు. మనిషి కన్నుకి నీడలో కూడా రంగులు కనిపిస్తాయి, కెమెరా చాలాసార్లు వాటిని మింగేస్తుంది. పళ్లు కనిపించే నిండు నవ్వు మూడో గుర్తు. గంటలకొద్దీ ఎవరూ అలా నవ్వుతూ కూర్చోలేరు. ఎదురుగా కూర్చున్న మనిషిని సాధారణంగా ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకోసారి లేపి ఐదు నిమిషాలు విశ్రాంతి ఇస్తారు. అయినా రెప్పలు కాస్త వాలతాయి, పెదవులు వదులవుతాయి, భుజం ఒకటి జారుతుంది. పాత పోర్ట్రెయిట్లలో కనిపించే ఆ నింపాదికి సగం కారణం ఈ అలసటే. ఫొటో చూసి వేయడం తప్పేమీ కాదు. పోయిన నాన్న బొమ్మ కావాలంటే వేరే దారి లేదు కూడా. కాకపోతే ఆ బొమ్మని చూసే పద్ధతి మారాలి: ఫొటోలో లేనిది వేసినవారు ఏం చేర్చారా అని వెతకాలి.

ఇప్పుడు నల్ల చార్టు తీయండి. బొమ్మకి మూడడుగుల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి, చిల్లులోంచి ముందు నుదురు, తర్వాత బుగ్గ, దవడ కింది నీడ, మెడ చూడండి. చుట్టుపక్కల రంగులు అడ్డు తొలగగానే ఒక్కో ముక్క అసలు రంగు తెలుస్తుంది. "గోధుమరంగు ముఖం" అనుకున్నదాంట్లో దవడ కింద పచ్చటి బూడిద, చెవి అంచున ఎరుపు, కణత దగ్గర ఊదా కనిపించవచ్చు. మన చామనఛాయ, నల్లటి ఒంటిరంగులు వేయడంలోని కష్టం ఇక్కడే తేలుతుంది. నల్లటి చర్మం మీది మెరుపు వచ్చే వెలుతురు రంగులో ఉంటుంది. కిటికీలోంచి ఆకాశం వెలుతురు పడితే అది లేత నీలం. ఆ సంగతి పట్టించుకోకుండా ఒంటిరంగులో ఉత్త తెలుపు కలిపి మెరుపు తేబోతే చర్మం బూడిద పూసినట్టు సున్నబ్బారిపోతుంది. నీడ కోసం నలుపు దట్టిస్తే అక్కడ ప్రాణం పోతుంది. గోధుమరంగులో నీలం కలిపి తెచ్చిన నీడలో లోతు ఉంటుంది. తెల్లటి ముఖాలు తేలిగ్గా వేసేసి, నల్లటి ముఖం దగ్గర తడబడ్డ చిత్రకారులు చాలామంది. రెండూ పక్కపక్కనే వేలాడుతుంటే చిల్లులోంచి పోల్చి చూడండి.

నడినెత్తి ఎక్కువగా కనిపిస్తే, మనిషి కూర్చునుండగా వేసినవారు నిలబడి వేశారన్నమాట. ముక్కుపుటాలు, గడ్డం అడుగు కనిపిస్తే ఆ మనిషిని ఎత్తు మీద కూర్చోబెట్టారు. హోదా ఉన్నవాళ్లని చూపించే పాత పద్ధతి అది. బీచ్ రోడ్డులోనే ఉన్న విశాఖ మ్యూజియంలో పాత పోర్ట్రెయిట్లు ఉన్నాయి. ఎగ్జిబిషన్‌కి ముందు అక్కడ ఒక అరగంట ఈ ఒక్క విషయం చూస్తే బాగా పట్టుబడుతుంది.

చేతులు చూడటం మర్చిపోకండి. ముఖం మీద పెట్టిన శ్రద్ధలో పావువంతు కూడా చేతుల మీద పెట్టని బొమ్మలు చాలా ఉంటాయి. చేతులు ఫ్రేము బయటికి పోయాయా, పైటచెంగులో దాక్కున్నాయా, వేళ్ల కణుపులు ఒకదానితో ఒకటి కలిసి నడిచాయా అన్నదాన్ని బట్టి వేసినవారి చెయ్యి ఎంత తిరిగిందో చెప్పవచ్చు.

సెల్ఫ్ పోర్ట్రెయిట్ ముందు

ఇక్కడ తొందరపడకండి. మొదటి ప్రశ్న: ఇది అద్దంలో చూసి వేసుకున్నదా? దుస్తులు చెప్తాయి. చొక్కా జేబు మామూలుగా ఎడమ రొమ్ము మీద ఉంటుంది. బొమ్మలో అది ఆ మనిషి కుడి రొమ్ము మీదకి వెళ్లిందంటే ఎదురుగా అద్దం ఉంది. చీర కట్టుకున్న చిత్రకారిణి అద్దంలో చూస్తూ వేసుకుంటే పైట కుడి భుజం మీద ఉన్నట్టు కనిపిస్తుంది. వాచీ కుడిచేతికి మారుతుంది, కుడిచేత్తో కుంచె పట్టేవారు ఎడమచేతివాటం వారైపోతారు. జేబు, పైట తమ తమ చోట్లే ఉంటే ఫొటో చూసి వేసుకుని ఉండాలి, లేదా అద్దంలో చూసింది తలలో తిప్పి వేసి ఉండాలి.

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1888 డిసెంబరులో అతను కోసుకున్నది ఎడమ చెవి. 1889 జనవరిలో వేసుకున్న బొమ్మల్లో కట్టు కుడి చెవికి ఉన్నట్టు కనిపిస్తుంది. అద్దంలో కనబడ్డది కనబడ్డట్టు వేశాడు. అతను వేసుకున్న 35 దాకా సెల్ఫ్ పోర్ట్రెయిట్లలో ఎక్కువ భాగం 1886, 1888 మధ్య పారిస్‌లో వేసినవే. మోడళ్లకి ఇవ్వడానికి డబ్బు లేదు, అద్దం ఉచితం.

రెండో ప్రశ్న చూపు. అద్దంలో తనను చూసుకునే మనిషి కళ్లు సరిగ్గా అద్దం వైపే, అంటే బొమ్మలో మన వైపే ఉంటాయి. ఒక్క అద్దంతో తన చూపు పక్కకి పోయినట్టు వేసుకోవడం కుదరదు. చూపు తిప్పుకున్న క్షణంలో ఆ కళ్లు తనకే కనబడవు మరి. చూపు పక్కకి ఉన్న సెల్ఫ్ పోర్ట్రెయిట్ కనబడితే ఆగండి. ఫొటో అన్నా ఉండాలి, రెండో అద్దం అన్నా ఉండాలి, ఊహ అన్నా ఉండాలి. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1934లో తనను తాహితీ (పసిఫిక్ సముద్రంలోని ఒక దీవి) స్త్రీగా వేసుకున్న బొమ్మలో చూపు మన వైపు ఉండదు. తనను తాను పరీక్షించుకునే ముఖం కాదది, ఇతరులు చూస్తున్న ముఖం. ఆ తేడా అంతా చూపు తిప్పడంలోనే ఉంది.

మూడోది, కనుబొమల మధ్య ముడి. చాలా సెల్ఫ్ పోర్ట్రెయిట్లలో మనిషి కోపంగానో దిగులుగానో ఉన్నట్టు అనిపిస్తుంది. అది ఎక్కువసార్లు శ్రద్ధే. కాన్వాసు నుంచి అద్దానికీ, అద్దం నుంచి కాన్వాసుకీ గంటల తరబడి చూపు మార్చే మనిషి ముఖం అలాగే ఉంటుంది. "ఎంత బాధ పడ్డాడో పాపం" అనుకునేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు చేతి అద్దం. బొమ్మకి ఆరడుగుల దూరంలో, వీపు దానివైపు పెట్టి నిలబడి, భుజం మీదుగా అద్దంలో దాన్ని చూడండి. కుడిఎడమలు మళ్లీ తారుమారై, ఆ చిత్రకారుణ్ని ఆయన స్నేహితులు చూసిన ముఖం కనిపిస్తుంది. పాపిడి అటు మారుతుంది, పెదవి వంపు ఇటు మారుతుంది, ఒక్కోసారి వేరే మనిషిలా ఉంటారు. గీతలో వంకరలుంటే అద్దంలో ఒక్కసారిగా బయటపడతాయి. చిత్రకారులు తమ పని సరిచూసుకోవడానికి వాడే పాత పద్ధతి ఇదే. ఆ చిత్రకారుడే హాల్లో ఉంటే ఇంకా మంచిది, మనిషినీ, బొమ్మనీ, అద్దంలోని బొమ్మనీ మూడింటినీ పోల్చుకోవచ్చు.

ప్రదర్శనలో ఎచింగ్‌లు (లోహపు ప్లేటు మీద గీసి అచ్చువేసేవి), లినోకట్‌లు (లినోలియం పలక చెక్కి అచ్చువేసేవి) ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. అద్దంలో చూసి ప్లేటు మీద గీసినది, కాగితం మీద అచ్చు పడేటప్పుడు ఇంకోసారి తిరగబడుతుంది. అందుకే అచ్చు బొమ్మలో ముఖం లోకం చూసిన వైపుకే వస్తుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) పెయింటింగులు, ఎచింగ్‌లు, డ్రాయింగులు కలిపి ఎనభైకి దగ్గరగా తన ముఖం వేసుకున్నాడు. పుస్తకంలో ఆయన ఎచింగ్ పక్కన పెయింటింగ్ పెట్టి చూసేటప్పుడు ఈ తిరగబడటం గుర్తుంటేనే పోలిక సరిగ్గా కుదురుతుంది.

ఒకే చిత్రకారుడి సెల్ఫ్ పోర్ట్రెయిట్లు నాలుగైదు ఉంటే, గోడ మీద వరస ఎలా ఉన్నా మీరు సంవత్సరాల వరసలో చూడండి. వయసు ఎలాగూ మారుతుంది. మారనివి వెతకండి: తల తిప్పిన వైపు, కిటికీ ఉన్న దిక్కు, గొంతు దగ్గర ఆపేసిన గీత. ఒక ఏడాది కిటికీ దిక్కు మారితే ఇల్లో గదో మారి ఉండవచ్చు. అడగడానికి అది మంచి ప్రశ్న.

తాకడం, ఫొటోలు

తాకవద్దని ఊరికే అనరు. మన వేళ్ల మీది నూనె, చెమటలోని ఉప్పు రంగు మీద ఉండిపోతాయి, ఏళ్లు గడిచాక అక్కడ మరక తేలుతుంది. బొగ్గుతోనూ పొడి పేస్టల్‌తోనూ (సుద్దలాంటి రంగుకడ్డీ) వేసిన బొమ్మలు ఇంకా సున్నితం, రంగు కాగితం మీద పొడిగానే నిలిచి ఉంటుంది. వేలితో చూపించేటప్పుడు బొమ్మకి అడుగు దూరంలోనే చెయ్యి ఆపండి. పిల్లల్ని చేయి పట్టుకుని నడిపించండి. ఎదురుగా కూర్చోబెట్టి నచ్చిన ముఖం గీయమంటే వాళ్లు అరగంట నిశ్శబ్దంగా ఉంటారు, మనకన్నా బాగా చూస్తారు కూడా.

ఫొటో తీయవచ్చా అని అడిగి తీయండి, ఫ్లాష్ ఆపేయండి. ముందు లేబులు తీసి తర్వాత బొమ్మ తీస్తే ఇంటికెళ్లాక ఏది ఏదో కలిసిపోదు. ఫోన్ దగ్గరగా పెట్టకండి, నాలుగైదు అడుగులు వెనక్కి వచ్చి రెండింతలు జూమ్ చేస్తే బొమ్మ అంచులు వంకరపోవు. ఏసీ హాల్లోంచి బయటికి రాగానే మన ఊరి ఉక్కకి కళ్లద్దాలూ కెమెరా లెన్సూ ఆవిరి పడతాయి, తుడవకుండా రెండు నిమిషాలు వదిలేస్తే అదే పోతుంది. బొమ్మలో ఉన్నది బతికున్న మనిషే కావచ్చు. వేసినవారు సరేనన్నా, ఆ మనిషి ఫొటోని అందరికీ పంచేముందు ఒకసారి ఆలోచించండి.

చిత్రకారుడితో మాట

"అచ్చం ఫొటోలా ఉందండీ" అన్న మాట మెచ్చుకోలుగానే అంటాం. మనిషిని మూడు వారాలు ఎదురుగా కూర్చోబెట్టి వేసినవారికి అది చివుక్కుమనిపిస్తుంది. దాని బదులు పని గురించి అడగండి. "మాస్టారూ, ఈవిడ ఎన్నిసార్లు కూర్చున్నారండీ?" "ముఖంలో ముందు ఏది వేశారు?" "ఈ చెవి దగ్గర గీత కావాలనే వదిలేశారా?" "బొమ్మ చూసుకుని ఆయన ఏమన్నారు?" ఈ నాలుగో ప్రశ్నకి చాలామంది కుర్చీ లాక్కుని మరీ జవాబు చెప్తారు. ధర అడగడం తప్పు కాదు, మొదటి మాటగా అడక్కండి. ముక్కు తప్పు, కన్ను తప్పు అని ఎత్తిచూపేముందు, అది అద్దం వల్ల వచ్చిన తేడానా అని ఒకసారి సరిచూసుకోండి.

సందర్శకుల పుస్తకంలో "చాలా బాగుంది, అభినందనలు" అని రాసి సంతకం పెడితే వారికి ఉపయోగం లేదు. ఏ బొమ్మ ముందు ఎక్కువసేపు ఆగారో, అందులో ఏం చూశారో రెండు వాక్యాలు రాయండి. ప్రదర్శన ముగిశాక చిత్రకారులు ఆ పుస్తకం మొత్తం చదువుతారు.

వేయించుకోవాలనిపిస్తే

మీదో, ఇంట్లో పెద్దవాళ్లదో బొమ్మ వేయించాలంటే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: కొలత, కూర్చునే రోజులు, అడ్వాన్సు. తల, భుజాల ఆయిల్ బొమ్మకి రెండేసి గంటల చొప్పున నాలుగైదు సార్లు కూర్చోవాల్సి రావచ్చు. అమ్మమ్మలూ తాతయ్యలూ అంతసేపు కూర్చోలేరు, వారికి చేతులున్న కుర్చీ వేసి, పొద్దుటిపూట గంటకి మించకుండా పెట్టమని అడగండి. ప్రతిసారీ అదే వేళకి, అదే చీరో చొక్కానో వేసుకుని వెళ్లాలి. వేళ మారితే కిటికీ వెలుతురు మారుతుంది, నిన్నటి నీడ ఈరోజు ఉండదు. డబ్బు ఇచ్చినప్పుడు రసీదు, బొమ్మ వెనక సంతకం, తేదీ, వాడిన మాధ్యమం రాయించుకోండి.

ఆయిల్ బొమ్మ పైకి వారం, రెండు వారాల్లో ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. చివరి వార్నిష్ మామూలుగా ఆరు నెలల తర్వాతే వేయాలి, దానికోసం ఎప్పుడు తేవాలో ముందే అడిగి రాసుకోండి. మన ఊళ్లో సముద్రం వైపు గోడకి తగిలించకండి, కిటికీకి ఎదురుగా అసలే వద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బెండు బిళ్లలు అంటిస్తే గోడకీ కాన్వాసుకీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు. కాగితం మీది బొమ్మైతే గాజు నేరుగా కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్, అంటే అట్ట చట్రం, పెట్టించండి. వానాకాలంలో నెలకోసారి కిందికి దించి వెనకవైపు చూడండి. బూజు తెల్లటి చుక్కలుగా మొదట కనిపించేది ఫ్రేము అడుగు పట్టీ దగ్గరే. అది కనబడితే నీడలో, ఫ్యాన్ గాలికి ఒక పూట ఆరబెట్టి, బొమ్మ వేసినవారికి కబురు చేయండి. తడిగుడ్డ మాత్రం ముట్టించవద్దు.